శుభకార్యమునకు కళాకారుని కుదుర్చుకొను విధానము

నెల్లూరు తీరంలో శుభకార్యాలకు పిలిచే కళాకారులు రెండు రకాలు: వినదగినవాళ్లు, వినపడేవాళ్లు. మొదటి రకానికి గిరాకీ పడిపోయి చాలాకాలమైంది. అల్లూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల్లో సంచకారం ఇచ్చి మరీ ఖాయం చేసుకునేది ఇప్పుడు రెండో రకాన్నే. పెళ్లి, పుష్పాలంకరణ, గృహప్రవేశం, గంగమ్మ జాతర, మనవడి పుట్టినరోజు... సందర్భం ఏదైనా కళాకారుడు తీర్చవలసిన అవసరం ఒక్కటే. ఫంక్షన్ జరుగుతోందన్న సంగతి చుట్టూ మూడు ఊళ్లకు తెలియాలి.

ఎంపిక బడ్జెట్‌తో మొదలవుతుంది. బడ్జెట్ రొయ్యల చెరువులో తేలుతుంది. వెనామీ రొయ్యను కౌంటు మీద కొంటారు. కిలోకు 30 తూగితే మంచి ధర, 100 తూగితే తక్కువ ధర. కళాకారుల రేటు కూడా ఇంచుమించు ఇదే సూత్రం మీద నడుస్తుంది. స్టేజీ మీద తలకాయలు ఎంత తక్కువైతే ధర అంత ఎక్కువ. ఊరంత నాటకం ట్రూపు కంటే అయిదుగురి ఆర్కెస్ట్రా ప్రియం, దానికంటే టీవీలో కనబడిన ఒక్క యాంకరమ్మ ప్రియం. చెరువుకు వైట్‌స్పాట్ తెగులు సోకి, సైజు రాకముందే పట్టుబడి చేయాల్సి వస్తే మాత్రం ఫ్లెక్సీలో సినిమా గాయకుడి ఫొటో పోయి బావమరిది ఫొటో చేరుతుంది. 2025 ఆగస్టులో రొయ్యతో సహా భారత సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కినప్పుడు ఆ దెబ్బ ఎగుమతిదారుల దగ్గర ఆగే రకం కాదు, మండల కేంద్రంలో కీబోర్డు వాయించేవాడి దాకా వచ్చే రకం.

చేపలు పట్టేవాళ్లుండే పట్టపుపాలేల్లో లెక్క వేరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ రోజుల్లో తీరిక దండిగా ఉంటుంది, డబ్బు ఉండదు. అక్కడ ఏం జరగాలన్నది ఊరి పెద్దలైన కాపులు కూర్చుని తేలుస్తారు. వాళ్లు దురాయి (కట్టడి) పెట్టారంటే డీజే బండి పొలిమేరలోనే ఆగిపోతుంది. కేంద్ర ప్రభుత్వం గెజెట్‌లో అచ్చువేసిన శబ్ద నిబంధనలకు ఇంతటి గౌరవం ఇంకా దక్కలేదు.

మిగతా చోట్ల ఎంపిక సంఘంలో ముగ్గురు సభ్యులుంటారు: ఖర్చు పెట్టే తండ్రి, ఖర్చు పెట్టించే మేనమామ, బెంగళూరు నుంచి వాట్సాప్‌లో రీళ్లు పంపే పెద్దబ్బాయి. మంచి కళాకారుడు ఎవరన్న ప్రశ్న ఈ సంఘం ముందుకు రాదు. నిరుడు పక్కింటివాళ్ల ఫంక్షనుకు ఎవరొచ్చారన్నదొక్కటే చర్చకు వస్తుంది. వచ్చినవాడికంటే ఒక మెట్టు పైవాణ్ణి తేవాలి. జబర్దస్త్‌లో ఏదో ఒక ఎపిసోడులో నాలుగో మనిషిగా నిలబడి నవ్వినా చాలు, ఫ్లెక్సీ మీద పేరు పక్కన ‘ఫేమ్’ అన్న బిరుదు చేరుతుంది. సంఘం తృప్తిపడి భోజనాల అంశంలోకి దిగుతుంది.

వినదగిన రకంలో మొదట చెప్పుకోవలసింది హరికథ. ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) దీన్ని మహాకళగా నిలబెట్టారు. కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు, మనిషి ఒక్కడే. పాట, పద్యం, నృత్యం, పిట్టకథ అన్నీ అతనివే. నెల్లూరుకు ఈ కళతో చుట్టరికం కూడా ఉంది. ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం తండ్రి సాంబమూర్తి హరికథా గాయకులు. తిప్పరాజువారి వీధిలోని వాళ్ల ఇంటిని బాలు 2020 ఫిబ్రవరిలో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేశారు. ఇంతటి చరిత్ర ఉన్నా పెళ్లివారు హరికథ చెప్పే దాసుగారి జోలికి పోరు. కథ మధ్యలో ఆపి, వెనక వరసలో కబుర్లాడుతున్న పెద్దమనిషిని పిట్టకథలోకి లాగే అలవాటు ఆయనకుంది. కబుర్లకోసమే యాభై కిలోమీటర్లు కారేసుకొచ్చిన బంధువుకు అది అవమానం. పన్నుల శాఖ మాత్రం దాసుగారి మీద దయగా ఉంది. జానపద, శాస్త్రీయ కళల ప్రదర్శనకు తీసుకునే పారితోషికం లక్షన్నర రూపాయలు మించకపోతే జీఎస్టీ లేదు. ఆయన ఆ గీత దాటకుండా కాపలా కాసే పనిని ఫంక్షన్లవాళ్లు ఎవరూ చెప్పకుండానే నెత్తినేసుకున్నారు.

తోలుబొమ్మలాటకు నెల్లూరు జిల్లా పేరుమోసిన చోటు. రామరావణ యుద్ధం నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దూరి చేసే అల్లరితో రాత్రి తెల్లవారేది. ఇప్పుడు ఈవెంట్‌వాళ్లు బొమ్మను మాత్రం తెచ్చి సెల్ఫీ పాయింట్ దగ్గర తగిలిస్తున్నారు. ఆడించేవాడు రాకపోతే ఒక భోజనం మిగులుతుంది.

తిరునాళ్లలో పద్యనాటకం ఇంకా బతికే ఉంది. ఏ నాటకం వేయించాలన్న బెడద కూడా కొంత తగ్గింది. కాళ్లకూరి నారాయణరావు ‘చింతామణి’ని రాష్ట్ర ప్రభుత్వం 2022 జనవరిలో నిషేధించింది కాబట్టి కమిటీ పెద్దలు హరిశ్చంద్రుడి దగ్గరికి చేరుతున్నారు. ఈ నాటకంలో ఒక్క హరిశ్చంద్రుణ్ణి ఇద్దరో ముగ్గురో నటులు భాగాలుగా పంచుకుంటారు. కాటి సీను వేసేవాడికి గిరాకీ ఎక్కువ. అతణ్ణి కుదుర్చుకునేటప్పుడు గొంతు సంగతితోపాటు ఓపిక సంగతి కూడా విచారించాలి. పద్యం చివరి రాగం అందుకుంటుండగా కమిటీ సభ్యుడు మైకు లాక్కుని, ఫలానా నాయుడుగారి తరఫున 516 రూపాయలు, ఫలానా రెడ్డిగారి తరఫున 1,116 రూపాయలు అని చదవడం మొదలుపెడతాడు. కొడుకు శవాన్ని మోసుకొచ్చిన చంద్రమతిని కాటి సుంకం అడగవలసిన హరిశ్చంద్రుడు, కమిటీ వసూళ్లు పూర్తయ్యేదాకా కర్ర పట్టుకుని పక్కన నిలబడతాడు. ఆ రాత్రి అసలు కళాకారులు దాతలే. తమ పేరు మైకులో వచ్చినప్పుడు వాళ్లు చూపే వినయం ఏ నటుడికీ చేతకాదు.

ఆర్కెస్ట్రా విషయంలో నెల్లూరువాళ్లకు పట్టింపు ఉండి తీరాలి, ఎందుకంటే ప్రతి ట్రూపులోనూ ఒక లోకల్ బాలు ఉంటాడు. అసలు బాలుకే 2017 మార్చిలో, అమెరికా పర్యటనలో ఉండగా, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా తరఫు నుంచి లీగల్ నోటీసు వెళ్లింది. లోకల్ బాలుకు ఆ భయం లేదు. కాపీరైటు చట్టం 52వ సెక్షన్ మతపరమైన వేడుకలకు, పెళ్లి ఊరేగింపు సహా పెళ్లికి సంబంధించిన సంబరాలకు మినహాయింపు ఇచ్చింది. కేంద్రం 2023 జులైలో ఇదే సంగతిని ఇంకోసారి ప్రకటించింది. కనుక పెళ్లిలో పాటను ఎంత పాడుచేసినా చట్టం అడ్డురాదు. కంపెనీ పార్టీకి ఈ వెసులుబాటు లేదు, అక్కడ లైసెన్సు కట్టి పాడుచేయాలి.

డీజేకు పాటతో పనిలేదు, స్పీకర్ల ఎత్తుతోనే పని. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు మోగకూడదు. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 దాకా రాష్ట్రం సడలించవచ్చు. ఇళ్ల మధ్య పగటి హద్దు 55 డెసిబెల్స్. నెల్లూరులో ఇద్దరు వియ్యంకులు యోగక్షేమాలు మాట్లాడుకుంటేనే అది దాటిపోతుంది. అందుకే డీజేను కుదుర్చుకునేటప్పుడు హద్దుల గురించి అడగడం అనవసరం. స్టేషన్‌లో ఎవరు మాట్లాడాలన్నది తేల్చుకుంటే చాలు.

పైసా తీసుకోకుండా ఎక్కడినుంచో వచ్చే కళాకారులు కూడా ఈ తీరానికి ఉన్నారు. పులికాట్ సరస్సుకు రాజహంసలు, నేలపట్టు చెట్ల మీదికి గూడబాతులు ఏటా వస్తాయి. 2022 ఏప్రిల్‌లో ఈ రెండూ ఉన్న సూళ్లూరుపేట ప్రాంతం నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారినా అవి దారి తప్పలేదు. రాజహంసల పేరు మీద జరిగే ఫ్లెమింగో ఫెస్టివల్ కొన్నేళ్ల విరామం తర్వాత 2025 జనవరిలో మళ్లీ జరిగింది. నిశ్శబ్దం కావలసిన పక్షుల గౌరవార్థం సాయంత్రాలు స్టేజీ కట్టి సంగీత విభావరి పెట్టడం ఆనవాయితీ. ఊరేగింపులో పెళ్లికొడుకును వెనక్కి నెట్టి బ్యాండుమేళం ముందుండే దేశంలో ఇందులో వింతేమీ లేదు.

ఒప్పందానికి కాగితం ఉండదు. సంచకారం చేతులు మారాక తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. జనరేటరు ఎవరిది? పాట నోటితో పాడతారా, ట్రాక్ పెట్టి పెదవులు కదుపుతారా? ట్రూపుకు భోజనం అతిథులతోనా, చేపల పులుసు అయిపోయాకనా? చివరిదాన్ని ముందే తేల్చుకోని ట్రూపులు సాంబారుతో తిని నెల్లూరు చేరుకుంటాయి.

కార్యక్రమం ఏడింటికని కార్డులో వేస్తారు. ఏడున్నరకు అతిథులు వచ్చి వధూవరులతో ఫొటో దిగి నేరుగా బంతికి వెళతారు. తొమ్మిదింటికి గాయకుడు మంచి మెలోడీ ఎత్తుకునేసరికి ఎదుట షామియానావాళ్లు కుర్చీలు ఒకదానిలో ఒకటి దోపుతుంటారు. యాంకరమ్మ ‘సౌండ్ రావాలి నెల్లూరూ’ అని అరిస్తే కుర్చీల సౌండే వస్తుంది. అయినా పాట ఆపనివ్వరు. పక్కూళ్లో ఇంకా ఎవరైనా మేలుకుని ఉండవచ్చు.

మిగతా డబ్బు ఇవ్వవలసిన తండ్రి పదకొండింటికి నిద్రపోతాడు. లెక్క మేనమామ చేతికి వస్తుంది. జనరేటరు ఆగిన పది నిమిషాలకు కొంత, పెద్దబ్బాయి అడిగిన పాట రానందుకు కొంత తగ్గించి, మిగిలింది వారం తర్వాత ఫోన్‌పే చేస్తానంటాడు. ఆ వారంలోనే పక్కింటివాళ్లు ట్రూపు నంబరు అడుగుతారు. నంబరు పోయిందని చెప్పి, ఫలానా సినిమా గాయకుడైతే ఇంకా బాగుంటాడని వాళ్లకు సలహా ఇస్తారు.