లార్చ్ చెట్టూ, కడియం కన్నూ

కొండ ఎందుకు ఎక్కాలో మా కడియం వాళ్ళకి బాగా తెలుసు. పైన దేవుడుండాలి. అన్నవరమైతే సత్యదేవుడు, ద్వారకా తిరుమలైతే చిన వెంకన్న. దిగేటప్పుడు చేతిలో ప్రసాదం ఉండాలి. దేవుడి కోసం కాని కొండలూ ఉన్నాయి, పాపికొండలు. వాటిని లాంచీలో కూర్చుని ఉప్మా తింటూ చూస్తాం. ఎక్కం.

సియాటిల్లో ఉంటున్న మావాడు ఈ రెండు పద్ధతులకీ చెందని కొండకి తీసుకెళ్ళాడు. నార్త్ కాస్కేడ్స్‌లో మేపుల్ పాస్. 20వ నంబరు హైవే మీద రెయినీ పాస్ దగ్గర కారు ఆపి, 600 మీటర్లు పైకెక్కి, 11 కిలోమీటర్ల పైచిలుకు తిరిగి మళ్ళీ కారు దగ్గరికే రావాలి.

"ఇక్కడికే వచ్చేదానికి వెళ్ళడం దేనికిరా?"

"ప్రదక్షిణ అనుకోండి నాన్నగారూ."

గోదావరోణ్ణి మాటతో పడగొట్టడం కష్టం. ఏం చేస్తాం, వాడూ గోదావరోడే.

దారిలో లేక్ ఆన్. ఒకప్పుడు హిమానీనదం తొలిచిన గుంట, చుట్టూ రాతి గోడలు, నీళ్ళ మధ్య చిన్న లంక. లంక కనపడగానే అరటి ఎన్ని పిలకలు పడుతుందో లెక్కేశాను. అలవాటు.

హెదర్ పాస్ దగ్గర పడేసరికి సూదాకుల చెట్లు నిలువెల్లా పసుపు. మా నర్సరీలో ఇంత పసుపు తిరిగితే వేరుకుళ్ళని పంపు భుజాన వేసుకుంటాం. ఇక్కడ అది చూడ్డానికే రోడ్డు పొడుగునా కార్లు! సూదాకుల చెట్లలో చలికాలానికి ఆకు మొత్తం రాల్చేసేవి కొన్నే. ఈ లార్చ్ వాటిలో ఒకటి. ఇంకా పైన, 2,000 మీటర్లు దాటిన చోట, గాలికీ మంచుకీ గిడసబారి మోకాలెత్తున ఆగిపోయిన చెట్లు. కడియంలో వాటిని బోన్సాయ్ కుండీలో పెడితే, హైదరాబాద్ కారు ఆగాక రేటు చెబుతాం.

కొత్త మొక్క కనిపిస్తే చెయ్యి ఊరుకోదు కదా. కొమ్మ గిల్లబోతుంటే కోడలు కనిపెట్టేసింది.

"మావయ్యగారూ, గట్టుకి అటువైపు నేషనల్ పార్కు. ఏదీ గిల్లకూడదు."

"ఇటువైపో?"

"ఇటువైపు నేనున్నాను."

గట్టు మీద పులిహోర విప్పాం. ప్రసాదం లేని కొండ కాబట్టి మనమే పట్టుకెళ్ళాలి. ఆవకాయ మూత తియ్యగానే పక్క బండ మీది అమెరికా దంపతులు ముక్కులు ఇటు తిప్పారు. మెచ్చి తిప్పారో, నొచ్చి తిప్పారో అడగలేదు. అక్కణ్ణించి రెయినీ లేక్‌ని చూసుకుంటూ దిగుడే దిగుడు. నిటారు దిగుడు. ఎక్కేటప్పుడు ఊపిరి, దిగేటప్పుడు మోకాళ్ళు.

వెళ్ళదలిచిన వాళ్ళు సెప్టెంబరు ఆఖర్లో వెళ్ళండి, చలికాలం మంచుకి ఆ రోడ్డు మూసేస్తారు. లార్చ్ మొక్క కావాలని మాత్రం కడియం రాకండి. మా ఎండకి అది బతకదు. ఉందని ఎవరైనా అమ్మితే, అది సరుగుడు.