రుచి తెలిసినవాళ్లు

ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్లలో చుట్టం వస్తే కోడి కోస్తారు. వియ్యంకుడు వస్తే యాట కోస్తారు. జింక కూర పెట్టారంటే మాత్రం ఆ ఇంటి యజమాని పేరు నెల రోజులు పది ఊళ్లలో తిరుగుతుంది.

ఈ గొప్ప సంస్థానాల నాటిది. అమరచింత సంస్థానానికి ఆత్మకూరే ముఖ్యపట్టణం. ఒక పక్క వనపర్తి, కృష్ణ దాటితే గద్వాల. వేట అప్పుడు దొరల హక్కు. ఊరివాళ్లు డప్పులు కొట్టి మృగాలను తోలేవాళ్లు, దొర తుపాకి పేల్చేవాడు. దొరలు పోయారు. వేట మాంసం మీద ఉన్న పెద్దరికం మాత్రం పోలేదు.

ఆ పెద్దరికం కోసం తపించిన ఒక కాంట్రాక్టర్ కథ ఇది. కాలువ పనులు చేసి నాలుగు రాళ్లు వెనకేసుకున్నాడు. కూతుర్ని కొల్లాపూర్ వైపు ఇచ్చాడు. ఉగాదికి వియ్యంకుడి ఇంటికి పోతే అక్కడ నల్లమల దుప్పి కూర పెట్టారు. తిని లేస్తూ మాట ఇచ్చాడు.

“దసరాకు మా ఇంటికి రా బావా. కృష్ణ ఒడ్డు జింక తినిపిస్త.”

దసరా దగ్గర పడింది. జింకను తెస్తానని బయానా తీసుకున్నవాడు ఇవాళ రేపు అంటూ చివరికి ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ ఏడు కందిచేలు మనిషి ఎత్తు పెరిగాయి. ఉచ్చులు పెట్టే చోట ఫారెస్టోళ్ల తిరుగుడు కూడా ఎక్కువైంది. పండగ ముందురోజు దాకా ఎదురుచూసి, చేసేది లేక కాంట్రాక్టర్ పెబ్బేరు సంతలో కొన్న మేకపోతును చీకటి పడ్డాక చేను కాడ కోయించాడు. తలకాయ, తోలు, కాళ్లు మూటగట్టి ఎవరి కంటా పడకుండా కాలువలో పారేయించాడు. ఇంట్లో భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

పండగ నాడు పాలపిట్టను చూసి, జమ్మి ఆకు పంచుకుని, చుట్టాలంతా విస్తళ్ల ముందు కూర్చున్నారు. వియ్యంకుడి అన్న ఒకాయన వచ్చాడు. వేట మాంసం సంగతిలో ఆయన మాటకు తిరుగులేదు. వాళ్ల తాత దొరల వేటకు డప్పు కొట్టినవాడు. మొదటి ముక్క పెద్దాయన నోట్లోకి పోయేదాకా ఎవరూ చెయ్యి పెట్టలేదు.

పెద్దాయన కళ్లు మూసుకుని నమిలాడు.

“నలభై ఏండ్ల సంది తింటున్న. జింక ముక్క నాలుక మీద పడంగనే తెలుస్తది. కొవ్వుండదు, నార ఉండదు. ఇది పల్లిచేను మేసిన జింక. వయసులో ఉన్న పోతు. శెబాష్ బావా!”

అల్లుడి దోస్తు ఒకడు దాన్ని వీడియో తీశాడు. ‘మా మామ ఇంట్ల జింక దావత్’ అని రాసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు.

మర్నాడు తెల్లారేసరికి వాకిట్లో అటవీ శాఖ జీపు ఆగింది. గిన్నెలో మిగిలిన కూర, ఫ్రిజ్‌లో ఉన్న పచ్చి మాంసం సీలు వేశారు.

“మ్యాక సార్! అమ్మతోడు, మ్యాక!” అన్నాడు కాంట్రాక్టర్.

“పట్టుబడ్డ ప్రతివాడూ అదే అంటడు. తలకాయ యాడ? తోలు యాడ?”

“కాలువలేసిన సార్.”

“మ్యాక తోలు కాలువల ఎందుకేస్తవ్?”

దానికి ఆయన దగ్గర జవాబు లేదు. ఆఫీసర్ ఫోన్ తీసి పెద్దాయన వీడియో వినిపించాడు. రాత్రి రెండోసారి వేయించుకుని తిన్నవాళ్లంతా అక్కడే నిలబడి ఉన్నారు. “మేము పప్పుతోనే తిన్నం సార్, ముక్క ముట్టలే” అన్నారు. పెద్దాయన అప్పటికే తొలి బస్సుకు ఊరు దాటాడు.

కృష్ణజింక 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు. పులికి ఉన్న రక్షణే దానికీ ఉంది. చంపినట్టు రుజువైతే మూడేళ్లకు తగ్గకుండా, ఏడేళ్ల దాకా జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా 25 వేలకు తగ్గదు. సల్మాన్ ఖాన్ అంతటివాడికి 1998లో జోధ్‌పూర్ దగ్గర కంకాణీలో జరిగిన కృష్ణజింకల వేట కేసులో, ఇరవై ఏళ్ల తర్వాత 2018 ఏప్రిల్‌లో అక్కడి కోర్టు ఐదేళ్ల శిక్ష వేసింది. ఈ చట్టంలో ఇంకో మెలిక ఉంది. వన్యప్రాణి మాంసం ఒకరి దగ్గర ఉందని తేలితే అది అక్రమంగా వచ్చినట్టే కోర్టు భావిస్తుంది. కాదని నిరూపించుకునే భారం ఆ మనిషిదే.

కాంట్రాక్టర్‌ను రిమాండుకు పంపారు. మాంసం ముక్కలు హైదరాబాద్ అత్తాపూర్‌లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ నడిపే లాకోన్స్ ప్రయోగశాలకు వెళ్లాయి. పసుపు, కారం పట్టి ఉడికిన ముక్కయినా సరే, అందులో మిగిలిన డీఎన్ఏను బట్టి అది ఏ జంతువుదో తేల్చే పద్ధతిని సీసీఎంబీ శాస్త్రవేత్తలు సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ ఎప్పుడో రూపొందించారు. దాని ముందు నాలుకల సాక్ష్యం నిలవదు.

రిపోర్టు వచ్చేలోగా ఒక విచిత్రం జరిగింది. జైల్లో ఉన్న మనిషికి ఊళ్లో గౌరవం పెరిగింది. ములాఖత్‌కు చుట్టాలు పండ్లు పట్టుకుని పోయారు. పప్పుతో తిన్నామన్నవాళ్లు కూడా పోయారు. వియ్యంకుడు కలిసిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

“మా నోటి రుచి కోసం జైలుకు పోయిండు మా బావ. అసుంటి మనిషి దొరుకుతడా?”

కొన్ని వారాలకు రిపోర్టు వచ్చింది. ఆ మాంసం మేకది. కేసు మూసేశారు.

ఇంటికి వచ్చినవాడిని పలకరించడానికి ఒక్కరూ రాలేదు. మూడోరోజు వియ్యంకుడు ఫోన్ చేశాడు.

“మ్యాకను పెట్టి జింక అంటివా బావా? నలుగుర్ల మా ఇజ్జత్ తీస్తివి. మా అన్న బయట తల ఎత్తుకోలేకపోతుండు.”

కూతురు ఫోన్ చేసి ఏడ్చింది. అత్తగారింట్లో ఏ కూర వండినా “మీ నాయిన లెక్క పేరు మార్చి పెడుతున్నవా?” అని అడుగుతున్నారట. కాలువ పనుల దగ్గర కూలీలు ఆయనను చూసి మేక లెక్క అరిచి నవ్వుతున్నారు.

ఇక్కడ ఆగి ఆలోచించవలసింది ఒకటుంది. ఆయన జింకను చంపించాడని నమ్మినన్నాళ్లూ ఊరికి ఆయన మీద కోపం రాలేదు. చంపించలేదని తెలిశాక వచ్చింది. ఇన్ని వారాల్లో, ఇంతమందిలో, ఆ జింక గురించి ఒక్కరూ అడగలేదు.

కృష్ణజింక అడవి మృగం కాదు. అది మన బీళ్లది. చెట్ల నీడ కన్నా చదునైన గడ్డి నేల దానికి ఇల్లు. శత్రువును దూరం నుంచే చూసి పరుగెత్తడమే దానికి తెలిసిన రక్షణ. వయసు వచ్చిన పోతుకు వీపు నల్లబడుతుంది, కొమ్ములు మెలి తిరుగుతాయి. ఆడదానికి ఆ నలుపు ఉండదు. ఆరు నెలలు మోసి సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది. జూరాల ప్రాజెక్టు నీళ్లు పారాక ఈ ప్రాంతంలో బీళ్లు పొలాలయ్యాయి, జింక నిలబడే చోటు తగ్గింది. మక్తల్, మాగనూరు, కృష్ణ మండలాల్లో మందలు మొలకలు మేసిపోతే రైతు మళ్లీ విత్తనాలు కొంటున్నాడు. ఆ నష్టం నిజం. దానికి సర్కారు పరిహారం కట్టాలి, జింకలకు గడ్డి నేల చూపించాలి. దావత్‌లో ఉడికే జింక మాత్రం ఏ రైతు అప్పూ తీర్చదు.

తెలంగాణ వచ్చాక 2014 నవంబరులో రాష్ట్ర చిహ్నాలు ప్రకటించారు. చెట్టు జమ్మి, పక్షి పాలపిట్ట, పువ్వు తంగేడు, జంతువు జింక. తంగేడుతో బతుకమ్మ పేరుస్తాం. దసరా నాడు జమ్మికి మొక్కుతాం, పాలపిట్ట కనబడితే ఏడాదంతా మంచిదనుకుంటాం. నాలుగోది మాత్రం అదే రోజు విస్తట్లో ఉంటే గొప్ప అనుకుంటున్నాం.

కాంట్రాక్టర్‌కు ఇవేవీ తలకెక్కలేదు. ఆయన చెవిలో మేక అరుపే మోగుతోంది. మళ్లీ దసరా వచ్చేసరికి ఒకటే పట్టు పట్టాడు. ఈసారి నిజంగా జింకే కావాలి. తన కళ్లతో చూస్తేనే డబ్బు.

పండగకు ముందు రాత్రి జూరాల వెనక నీళ్ల ఒడ్డున కలిశారు. వచ్చినవాడు బైకు లైటుతో కళ్లు చెదరగొట్టి, వలలోకి తోలి పట్టానన్నాడు. గోనె విప్పి టార్చి వేశాడు. వీపు నల్లగా, పొట్ట తెల్లగా ఉంది. మెలి తిరిగిన కొమ్ములు గోనెలో పట్టక బయటికి పొడుచుకు వచ్చాయి. కాంట్రాక్టర్ వంగి కొమ్ము పట్టుకుని చూశాడు. మెలికలు వేలితో తడిమాడు. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది.

“తలకాయ నేను తీసుకపోత. మా వియ్యంకునికి చూపియ్యాలె” అన్నాడు.

“పిచ్చా అన్నా నీకు? కొమ్ము ఇంట్ల దొరికితే ల్యాబు గూడ అక్కర లేదు. పోయినసారి మ్యాకది కాబట్టి బయటికొచ్చినవ్. ఈసారి మూడేండ్లు ఖాయం.”

ఆ మాట పనిచేసింది. తలకాయ, కొమ్ములు, తోలు, గిట్టలు రాళ్లతో కలిపి గోనెలో కుట్టి, పుట్టిలో లోతుకు తీసుకుపోయి నీళ్లలో వదిలారు. మాంసం మాత్రం ఇంటికి చేరింది. అడిగిన దానికి రెండింతలు చెల్లించాడు.

దావత్‌కు వచ్చినవాళ్ల ఫోన్లు గడప దగ్గరే తీసుకుని బీరువాలో పెట్టించాడు. తలుపులు వేయించాడు. మసాలా తగ్గించమని, ముక్క రుచి తెలియాలని వంటవాడికి పదిసార్లు చెప్పాడు. వియ్యంకుడు రానంటే కాళ్లావేళ్లా పడి రప్పించాడు. పెద్దాయనకు ముందు వరసలో పీట వేయించాడు.

విస్తట్లో కూర పడింది. అందరూ పెద్దాయన ముఖం చూస్తున్నారు. కాంట్రాక్టర్ గుండె దడదడలాడింది.

పెద్దాయన ముక్క నోట్లో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. తొందరపడకుండా నమిలాడు. ఇంకో ముక్క తీసుకుని అదీ నమిలాడు. కళ్లు తెరిచి తమ్ముడి వైపు చూసి నవ్వాడు.

“పోయినసారి మోసపోయిన గానీ, ఈసారి నా నాలుక మోసపోలే. ఇది గూడ మ్యాకనే!”

ఇల్లంతా నవ్వులు. వియ్యంకుడు విస్తరి ముందు నుంచి లేచాడు. కాంట్రాక్టర్ నోరు తెరిచాడు. కాదనడానికి సాక్ష్యం జూరాల అడుగున ఉంది. అది పైకి తేలితే మూడేళ్లు జైలు. తెరిచిన నోరు మూసుకుని, చేతులు జోడించి అందరి ముందు ఒప్పుకున్నాడు.

“అవును బావా. మ్యాకనే.”