భుజమును నొప్పింపని తుపాకి

తుపాకి పేలినప్పుడు గుండు ముందుకు పోవుననియు, తుపాకి వెనుకకు వచ్చుననియు, ఆ రెండింటి ద్రవ్యవేగములు పరస్పరము సమానములనియు ఇంటర్మీడియేట్ విద్యార్థులకు బోధించుచు, నల్లబల్లపై తుపాకి ద్రవ్యరాశిని పెద్ద ఎమ్ అక్షరముతోను గుండు ద్రవ్యరాశిని చిన్న ఎమ్ అక్షరముతోను సూచించి, ప్రతిక్షేప వేగమును కనుగొనుడని పిల్లలను గద్దించి, ఆ గద్దింపునకు నెలనెల జీతము పుచ్చుకొన్న భౌతికశాస్త్రోపన్యాసకులలో తుపాకిని ముట్టి చూచినవారెందరని విచారించినచో, ఆ సంఖ్య సున్నకు మిక్కిలి సమీపమున నుండునని నా విశ్వాసము. నేనును ఆ కోవలోని వాడనే. తిరునాళ్లలో అట్టముక్కకు గ్రుచ్చిన బెలూన్లను గాలితుపాకితో బెదరించుట తప్ప ఆయుధవిద్యలో నాకు వేరు ప్రవేశము లేదు.

ఉద్యోగవిరమణానంతరము కుమార్తెకడ కాలక్షేపము చేయుటకై టెక్సస్ రాష్ట్రమునకు వచ్చి, గ్రీన్‌కార్డు సంపాదించి, డాలస్ నగరమునకు ఉత్తరమున స్థిరపడిన పిమ్మట, ఇచ్చటి జనులు సెలవునాడు సకుటుంబముగా షూటింగ్ రేంజికి పోయి, కాగితములకు చిల్లులు పొడిచి, ఐస్‌క్రీము తిని, ప్రశాంతవదనములతో ఇండ్లకు మరలుట చూచి, నాలో ఒక శాస్త్రీయమైన దురాశ అంకురించెను. జీవితమంతయు సుద్దముక్కతో సాధించిన సమీకరణమును ఒక్కపర్యాయమైనను భుజముతో సరిచూచుకొనవలదా? ఈ మాటనే, ఇంచుమించు ఇంత గంభీరముగానే, నా భార్యకు విన్నవించితిని.

“చెయ్యెత్తి చొక్కా తొడుక్కోలేరు, మీకు తుపాకేమిటండీ?” అని ఆమె అడిగెను. “పైగా దానికెంతవుతుందో!”

ఇల్లాలి వాక్యములలో రెండు షరతులు ఇమిడియున్నవని నేను గ్రహించితిని. గూడ పట్టుకొనిపోయిన నా కుడిభుజమునకు బాధ కలుగరాదు. పింఛనుకు గండి పడరాదు. తుపాకి వర్తకులు గ్రంథములు గ్రంథములుగా వ్రాసెడి గుణగణములన్నియు ఈ రెండింటి తరువాతివే.

సలహా యిచ్చుటయందు తెలుగువాడు సముద్రము దాటినంత మాత్రమున వెనుకబడడు. ఫ్రిస్కో ఆంజనేయస్వామి ఆలయమున ప్రసాదపు వరుసలో నిలిచి నా సంకల్పమును ఒకరి చెవిని వేసితిని. పులిహోర నా చేతికి వచ్చులోపల నా చుట్టును ఒక యుద్ధమంత్రాంగ సభ సమకూడెను. కంప్యూటరు ఉద్యోగి యొకడు ఏఆర్-15 తప్ప రైఫిలే లేదనియు, దానికి దుర్భిణి, దీపము, పిడి మున్నగు ఆభరణములు ఎప్పటికప్పుడు చేయించుకొనవచ్చుననియు చెప్పెను. మరియొక మితవ్యయ పరాయణుడు, రష్యా సైన్యము 1891లో స్వీకరించిన మోసిన్-నాగాంట్ రైఫిలును ప్రతిపాదించి, తన కాలమున అది నూరు డాలర్ల లోపుననే దొరకెడిదని నిట్టూర్చెను. ఆ నూరు డాలర్ల కాలము గతించినది గాని, భుజమునకు ఆనించుకొనవలసిన దాని ఇనుప మడమ మాత్రము గతించలేదు. సరకు చవుక కావచ్చును. ఎముకల వైద్యుడు చవుక కాడు.

వీరందరిలో బిగ్గరగా పలికినవాడు నా మేనల్లుడు.

“మామయ్యా, తుపాకంటే థర్టీ ఆట్ సిక్సే! దుప్పిని కొట్టాలన్నా ఎలుగుని కొట్టాలన్నా అదొక్కటి చాలు.”

“నేను కాగితాన్ని కొడదామనుకుంటున్నానురా.”

“కాగితానికైనా భయముండాలి కదా మామయ్యా!”

ఆ రాత్రి నేను కాగితము, కలము తీసికొని కూర్చుంటిని. థర్టీ ఆట్ సిక్స్ అనునది అమెరికా సైన్యము 1906లో స్వీకరించి, ఉభయ ప్రపంచయుద్ధములలోను వాడిన తూటా. దాని 150 గ్రెయినుల గుండు, అనగా పది గ్రాములకు కొంచెము తక్కువైనది, సెకనుకు 890 మీటర్ల ప్రాంతపు వేగముతో వెడలును. పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్ అను చిన్న తూటా యొక్క గుండు 40 గ్రెయినులు, రెండున్నర గ్రాముల చిల్లర. వేగము 370 మీటర్ల చుట్టుపట్ల. ఆ యా తుపాకుల సామాన్యపు బరువులు వేసికొని చూడగా, మొదటిది సెకనుకు సుమారు మూడున్నర మీటర్ల వేగముతో మన మీదికి వచ్చును. రెండవది 35 సెంటీమీటర్ల వేగముతో వచ్చును. వేగమునందు తేడా పదింతలే కదాయని సంతోషింపరాదు. శక్తి వేగముయొక్క వర్గముననుసరించి పెరుగును గనుక, భుజమునకు తగులు తాపునందు తేడా నూరింతలకు పైమాట. మేనల్లుడు కాగితమునకు భయము చెప్పవలెనన్న తుపాకి, కాగితముకంటె ముందుగా నాకే చెప్పును.

ఈ సందర్భమున మన పాఠ్యపుస్తకములు దాచిపెట్టిన రహస్యమొకటి బయటపడినది. గొట్టమునుండి వెలువడునది గుండు ఒక్కటియే కాదు. కాలిన మందు వాయురూపమున గుండును మించిన వేగముతో వెంట వచ్చును. థర్టీ ఆట్ సిక్స్ వంటి పెద్ద తూటాలలో వెనుకతన్నునందు సుమారు మూడవవంతు ఆ వాయువు పుణ్యమే. చిన్న ఎమ్‌ను పెద్ద ఎమ్‌తో భాగించి విద్యార్థులు తరతరములుగా సాధించిన జవాబులన్నియు వాస్తవమునకు ఆ మేరకు తక్కువైనవన్నమాట. పునర్మూల్యాంకనమునకు గడువు దాటిపోయినది గనుక ఆ విషయము ఇంతటితో విడిచితిని.

ఏఆర్-15లో సాధారణముగా వాడు పాయింట్ టూ టూ త్రీ తూటాకు అన్యాయము చేయరాదు. దాని తాపు థర్టీ ఆట్ సిక్స్ తాపులో అయిదవవంతు లోపుననే యుండును. మెత్తని రబ్బరు మడమ తగిలించిన యెడల నా భుజమును దానిని క్షమించి యుండును. అయితే చెవి క్షమింపదు, పింఛను అసలే క్షమింపదు. తుపాకి ధరను గూర్చి నెలల తరబడి చర్చించువారు అది తిను మేత ధరను గూర్చి ఆలోచింపకుండుట లోకమున నేను చూచిన వింతలలో నొకటి. ధరలు కాలమును బట్టి మారుచుండును గాని, నేను విచారించిన దినములలో పాయింట్ టూ టూ తూటా పది సెంట్ల లోపున దొరకుచుండెను. టూ టూ త్రీకి అర్ధ డాలరు. థర్టీ ఆట్ సిక్సుకు డాలరు దాటి పైకి. మధ్యాహ్నమంతయు మొదటిదానితో కాల్చినను ఒక భోజనఖర్చు. కడపటిదానితో కాల్చినచో ఒక పెండ్లి చదివింపు. కేంద్రమున నిప్పుకుప్పె గల పెద్ద తూటాల ఖాళీ తొడుగులను ఏరుకొని, మరల మందు కూరి, గుండు బిగించి వాడుకొనవచ్చునని పొదుపరులు చెప్పుదురు. పాయింట్ టూ టూ తొడుగును అట్లు చేయ వీలులేదు; దాని అంచులోనే నిప్పుమందు ఉండును, సుత్తి ఆ అంచును నలిపినగాని పేలదు, నలిగిన అంచు మరల పనికిరాదు. ఇది లోపమని కొందరందురు. గరాజులో తూటాలు తయారుచేయుచు కూర్చొను వ్యసనమునుండి గృహస్థును కాపాడునట్టి ఈ గుణమును లోపమని నేను అంగీకరింపజాలను.

ఈ చిన్న తూటా వంశచరిత్ర సామాన్యమైనది కాదు. దీని పూర్వుడైన పాయింట్ టూ టూ షార్ట్ అనునది స్మిత్ అండ్ వెస్సన్ వారి చిన్న పిస్తోలుతో కూడ 1857లో అమెరికాలో అవతరించెను. అదే సంవత్సరమున మన దేశమున ఎన్‌ఫీల్డ్ తుపాకి తూటాల కాగితమును పంటితో కొరుకుమన్నందుకు, దానికి పూసిన కొవ్వును గూర్చిన అనుమానముతో సిపాయిలు తిరుగబడి సామ్రాజ్యమును గడగడలాడించిరి. కొరుకనక్కరలేని లోహపు తూటా భూమికి ఆవలివైపున అప్పుడే పుట్టియున్నదని పాపము ఎవరును వారికి చెప్పలేదు. అటుపిమ్మట 1887లో స్టీవెన్స్ అను కర్మాగారమువారు లాంగ్ రైఫిల్ రూపమును వెలువరించిరి. నాటినుండి నేటివరకు కొలతలలో మార్పు లేదు. దీని గుండుపై సైతము పలుచని మైనపు పూత యుండును. ఆ మైనమున ఏమి కలిసియున్నదో నేను విచారింపలేదు. పూత సంగతి ఇంటిలో చెప్పను లేదు.

“అది పిట్టల తుపాకి!” అని మేనల్లుడు పరిహసించెను. ఒలింపిక్ క్రీడలలో యాబది మీటర్ల రైఫిలు పోటీ ఈ పిట్టల తూటాతోనే జరుగుననియు, అచ్చట పది మార్కులిచ్చు వలయము వ్యాసము 10.4 మిల్లీమీటర్లు మాత్రమే ననియు, 2024 నాటి పారిస్ ఒలింపిక్ క్రీడలలో స్వప్నిల్ కుసాలే దీనితోనే మన దేశమునకు కాంస్యపతకము తెచ్చెననియు చెప్పి వాని నోరు మూయించితిని. మూయించితిననుట అతిశయోక్తి, పులిహోర నములుచుండెను.

తూటా నిశ్చయమైన పిదప తుపాకి ప్రశ్న మిగిలెను. 1964నుండి జనప్రియమైన రూగర్ 10/22 తానే తూటాను మార్చుకొనును, మీట నొక్కుటయే మన పని. అందులో పది తూటాలు కనురెప్ప వాల్చులోపల ఖర్చగును. చవుక తూటాను ఖరీదు చేయు ఉపాయమట్టిది. హెన్రీ వారి లీవర్ రైఫిలు నన్ను వేరువిధమున కలవరపెట్టినది. 1971లో కృష్ణ గారు టోపి పెట్టి, గుఱ్ఱమెక్కి, “మోసగాళ్ళకు మోసగాడు”గా తెరపై విజృంభించినప్పుడు నేల తరగతిలో కూర్చొని ఈలవేసిన నా తరమువానికి, ఆ క్రింది పిడిని టకటకలాడించెడి రైఫిలును అంగడిలో చేతబట్టి మరల బల్లపై పెట్టుటకు ఎంత మనోనిగ్రహము కావలయునో నేటి బాలురకు తెలియదు. కాని పిడి నాడించుటకు భుజము కదలవలెను. తుదకు సావేజ్ మార్క్ టూ అను బోల్ట్ రైఫిలును, లావుపాటి గొట్టము గలదానిని, మూడువందల డాలర్లకు కొంచెము అటునిటుగా నిర్ణయించితిని. కొండలెక్కు వేటగానికి తేలిక తుపాకి వలయును; బల్లమీద ఆనించి కాల్చువానికి బరువే మేలు, పెద్ద ఎమ్ పెరిగిన కొలది వెనుకతన్ను తగ్గును గనుక.

కొనుగోలునకు ముందు ప్రభుత్వపు పత్రమొకటి నింపవలెను. నీవు పరారీలో నున్న నేరస్థుడవా, మత్తుమందులకు దాసుడవా, సైన్యమునుండి అవమానకరముగా తొలగింపబడితివా అని అది వరుసగా ప్రశ్నించును. వియ్యంకులు సైతము నన్నింత నిశితముగా పరీక్షించి యుండలేదు. అన్నిటికిని లేదు, కాదు అని వ్రాసియిచ్చితిని. వర్తకుడు నా వివరములను ప్రభుత్వమువారికి పంపి, నేను కాఫీ త్రాగుచుండగనే అనుమతి తెప్పించెను. స్వదేశమున 1959 నాటి ఆయుధచట్టము క్రింద లైసెన్సుకై అర్జీ పెట్టియున్నచో ఎన్ని కాఫీలు త్రాగవలసి వచ్చెడిదో!

రేంజిలో కంటికి అద్దములు, చెవులకు కప్పులు, గొట్టము ఎల్లప్పుడును గురివైపు, గురి చూచువరకు వ్రేలు మీటకు దూరము: ఈ నియమములయందు అచ్చటి వృద్ధ పర్యవేక్షకుడు ఇసుమంతయు సడలింపడు, సడలింపరాదు కూడ. ఆయన సమక్షమున నా మేనల్లుడు తన థర్టీ ఆట్ సిక్సును తెచ్చి, వరుసగా పేల్చి, గుండ్లన్నియు గురికి దిగువన దిబ్బలో పోయుచు, దుర్భిణి చెడినదని విసుగుకొనెను. పెద్దాయన ఏమియు అనక, తుపాకిని తీసికొని, తూటాలు తానే నింపి, మరల వాని చేతికిచ్చెను. వాటిలో నొకటి మందు లేని నకిలీ తూటా. రెండు పేలినవి. మూడవమారు ‘టిక్’ మని మాత్రము చప్పుడైనది. తన్ను లేదు, ధ్వని లేదు. అయినను కన్నులు గట్టిగా మూసికొని, భుజము ముందునకు త్రోసి, గొట్టమును జానెడు క్రిందికి వంచి నిలిచిన మేనల్లుని మేమందరము చూచితిమి. రానున్న తాపును తలచుకొని శరీరము ముందుగానే ఉలికిపడునట. ఎంతటి ధీరుడైనను ఈ ఉలికిపాటును మనస్సుతో ఆపజాలడట. దానికి మందు చిన్న తూటాతో చిరకాలాభ్యాసమేనట.

“వాడికి భయమేమీ లేదండీ, అలవాటంతే,” అని నేను మేనల్లుని పక్షమున వాదించితిని. వాడు నా వాదమునకు సంతోషించినట్లు కనబడలేదు.

ఇంటికి రాగానే నా భార్య, గడప దాటకుండగనే బట్టలు విడిచి, చేతులు మోచేతులవరకు కడిగి, స్నానము చేసినగాని వంటింటివైపు చూడరాదని శాసించెను. ఆమె ఉద్దేశము మడి. కాని తూటా నిప్పుమందునందును గుండునందును సీసముండుననియు, ఆ ధూళి చేతులకును బట్టలకును అంటి ఇంటికి వచ్చుననియు, కావున కాల్చినవాడు వెంటనే కడుగుకొని బట్టలు మార్చుకొనవలెననియు వైద్యులు చెప్పునది అక్షరాల ఇదియే. ఈ సంగతి ఆమెకు తెలిసిననాటినుండి నా యింట ఆచారమునకు విజ్ఞానశాస్త్రము దాసియైనది.

ఇక మిగిలినది జాతకముల పొంతన. పాయింట్ టూ టూ తుపాకులలో ఒక్కొక్క గొట్టమునకు ఒక్కొక్క రకపు తూటా నచ్చును. ఒకే కర్మాగారమున ప్రక్కప్రక్కన పుట్టిన రెండు గొట్టములకు సైతము అభిరుచులు కలియవు. ఎందుకు నచ్చినదో తుపాకి చెప్పదు. అన్ని సంబంధములు చూచి, గుండ్లు గుంపుగా పడిన సంబంధమును ఖాయము చేసికొనవలెను. ఐదువందల తూటాల అతిచవుక పెట్టెను తెచ్చితిని. కాగితమంతయు మశూచి వచ్చినట్లయ్యెను. పోటీలవారు వాడు ఖరీదైన దానిని తెచ్చితిని. ధర మాత్రమే గురికి తగిలెను. కడకు శబ్దవేగమునకు కొంచెము లోపున, సెకనుకు 1070 అడుగుల వేగముతో పోవు మధ్యరకపు తూటా ఒకటి నా సావేజునకు నచ్చి, యాబది గజముల దూరమున చిల్లులన్నియు ఒక రూపాయి బిళ్ల క్రింద దాగునట్లు పడజొచ్చెను. భుజమునకు నొప్పి లేదు. పింఛనునకు గండి లేదు.

చిక్కు ఒక్కటే. ఆ రకము తూటాలు కొంతకాలముగా మా ప్రాంతపు అంగళ్లలో కరవైనవి. ఎవరో కుర్రవాడు వచ్చి ఉన్నవన్నియు ఒక్కసారిగా మోసికొనిపోవుచున్నాడని వర్తకుడు చెప్పెను. వాని ఆనవాళ్లడిగితిని. ఎలుగుబంటిని కొట్టెడి తుపాకిని అమ్మకమునకు పెట్టి, పిట్టల తుపాకిని కొని, ఈ సంగతి తన మామయ్యకు చెప్పవలదని మరీ మరీ బ్రతిమాలి పోయినాడట.