జీపునకు జీర్ణోద్ధరణము

దేవాలయములకే జీర్ణోద్ధరణము జరుగునని పూర్వులు తలచిరి గాని, ప్రొద్దుటూరు షెడ్లలో పాత డీజిలు జీపులకు ఆ సంస్కారము ఇంతటి శ్రద్ధాభక్తులతో జరుగునని వారు ఊహింపలేదు. టింకరింగు ముగించి, పాతరంగు గీకి, సైనికుల ఆకుపచ్చరంగు పూసి, ఇంజనుకు బోరు చేయించి, నోజిళ్లు మార్చి, సీట్లకు కొత్త రెగ్జిను తొడిగి, వెడల్పాటి టైర్లు బిగించిన పిమ్మట, నిన్నటిదాక జమ్మలమడుగు వైపు ఏ కల్లములోనో కోళ్లకు నివాసమైయుండిన ఆ ఫోర్‌వీలు బండి “వింటేజి” యను బిరుదు ధరించి విక్రయమునకు సిద్ధమగును. కోళ్ల యభిప్రాయమును ఎవరును అడుగరు.

దళారి వర్ణనము ప్రబంధకవులకు సిగ్గు పుట్టించునట్టిది. “సూడు సామీ, మిలిట్రీ బండి. ఇంజను కొత్తది, బాడీ కొత్తగా కట్టిచ్చినాం, గేరుబాక్సు మార్చినాం, చాసీసు గూడ పోయినేడే ఏపిచ్చినాం. తక్కిందంతా ఒరిజినలే!” తక్కినదేదో తెలిసికొనగోరి బండి చుట్టు ప్రదక్షిణము చేసినవానికి హారను కనబడును, అదియు మ్రోగదు.

ఈ వంశమునకు మూలపురుషుడు రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా సేనలను మోసిన విల్లీసు జీపు. స్వాతంత్ర్యము వచ్చిన కాలమున మహీంద్రావారు దాని భాగములను తెప్పించి బొంబాయిలో కూర్చ నారంభించిరి. ప్యూజో వారి 2,112 సి.సి. డీజిలు ఇంజనుతో ఎం.ఎం. 540 వెలువడినది 1985లో. దళారి పురాణవస్తువుగా చూపునది తరచుగా ఈ జాతిదే.

పురాణముల సంగతి యెట్లున్నను, చట్టమొకటి కలదు. కేంద్రప్రభుత్వము 2021 జులైలో చేసిన నిబంధనల ననుసరించి, తొలి రిజిస్ట్రేషను నాటినుండి 50 ఏండ్లు దాటి, చాసీసు గాని బాడీ గాని ఇంజను గాని మార్పు చెందక మొదటి రూపముననే యున్న వాహనమే వింటేజి, దానికి 20,000 రూపాయల రుసుమును, “వి.ఏ.” అక్షరములు గల నంబరుప్లేటును, ప్రదర్శనలకు ర్యాలీలకు తప్ప నిత్యము రోడ్డెక్కరాదను ఆంక్షయు కలవు. ఏమియు మార్చకుండుటయే పుణ్యమని చట్టము. ఏమేమి మార్చెనో చెప్పుకొనుటయే దళారికి గర్వము. ఏ విధముగ లెక్కించినను 1985 నాటి జీపు 2035 దాక ఆ పదవికి అర్హము కాదు. అప్పటికి దానిలో 1985 నాటిది ఏమి మిగులునో జ్యోతిష్కుడే చెప్పవలెను.

ఈ బండిలో గేరుకఱ్ఱ ప్రక్కన మరియొక చిన్నకఱ్ఱ యుండును. ముందు చక్రములకు కూడ బలము నందించునది అదే. పెన్న యిసుకలోను, వాన వెలిసిన పిదప జమ్మలమడుగు నల్లరేగడిలోను దిగబడినవానికి దానిని మించిన దైవము లేదు. కాని పులివెందుల నుండి బేరమునకు వచ్చు యువకుడు, తన చీనీతోట వాకిటిదాక తారురోడ్డు గలవాడగుటచే, ఆ కఱ్ఱ నేమని యడుగడు. “బండి దిగితే ఊరంతా సూడల్ల!” ఇంతియే యతని కోరిక. ఫ్యాక్షను సినిమాలవారు మన సీమకు సుమోలను అంటగట్టి పోయిరి. 2019లో వాని తయారీయే నిలిచిపోగా, వాహనము కరవైన దర్పము మరల తాతల జీపునే యెక్కినది.

ప్రొద్దుటూరు బంగారు బజారున చిన్న ఉంగరము కొనునప్పుడు గీటురాయిని, హాల్‌మార్కును, త్రాసును, కంసాలి ముఖమును సైతము పరీక్షించు మనుష్యుడే, లక్షలు పోసి జీపు కొనునప్పుడు టైరును కాలితో రెండు తన్నులు తన్ని తృప్తి చెందును.

కొనగోరు పాఠకులారా! ముందుగా ఆర్.సి.లోని ఇంజను, చాసీసు నంబరులను బండిమీది యంకెలతో సరిచూచుకొనుడు. పిదప పెన్న యిసుకలో దింపించి ఆ చిన్నకఱ్ఱ వేయించుడు. బండి తనంతట తాను వెలికి వచ్చినచో అడ్వాన్సు ఇండు. ఈడ్చుటకు ట్రాక్టరును పిలువవలసి వచ్చినచో, ఆ ట్రాక్టరునే బేరమాడుడు.