మా ముత్తంగి బిడ్డ

ముత్తంగిలోని ఒక మందుల కంపెనీ తన సీఎస్ఆర్ నిధులతో హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రికి నాలుగు వార్మర్లు ఇచ్చింది. ఎక్కడెక్కడి పేదింటి పసికందులూ వచ్చి చేరే చోటది. ఎన్ని పరికరాలున్నా చాలవు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఒంట్లో తగినంత కొవ్వుండదు, వేడి నిలవదు. పైనుంచి సన్నగా వెచ్చదనం పంచే ఆ వార్మరే వాళ్లకు అమ్మ ఒడి.

వార్డు బయట కంపెనీ హెచ్.ఆర్. మేనేజర్ మాట్లాడాడు.

"తన దగ్గర పనిచేసే రఫత్ అనే ఆవిడ కాన్పులో చనిపోతే నీలోఫర్ యువరాణి తట్టుకోలేకపోయారు. ఇంకే తల్లికీ ఆ గతి పట్టకూడదని పట్టుబట్టారు. 1953లో ఈ ఆసుపత్రి వెలిసింది. పనిమనిషి కోసం అంతగా తపించిన మనసు ఆమెది. మా కంపెనీకి ఆమే ఆదర్శం."

అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటో కోసం ఒక తల్లిని పిలిచారు. లోపల కొత్త వార్మర్ మీద ఆమె కొడుకు. ముక్కులోంచి సన్నటి పాలగొట్టం, బొటనవేలంత పాదానికి చుట్టిన పట్టీలో ఎర్రలైటు.

"ఏ ఊరమ్మా మీది?"

"ముత్తంగి సార్."

మేనేజర్ మొహం వెలిగిపోయింది. "మా ముత్తంగి బిడ్డేనా! చూశారా, మనమిచ్చింది మనవాళ్లకే అందింది. ఎన్నో నెలలో పుట్టాడమ్మా?"

"ఎనిమిదిల సార్."

"అయ్యో, అంత ముందుగానా? ఏమైంది?"

ఆమె కొంగు సర్దుకుంది. "మీ ప్యాకింగ్‌లనే చేసిన సార్, కాంట్రాక్టర్ కింద. పన్నెండు గంటలు నిలవడే పని. కాళ్లు వాస్తున్నయి, కూసోనీకి ఒక్క స్టూలు ఇప్పియ్యమని కాయితం పెట్టిన."

నిండు గర్భిణి అడిగితే, చివరి రెండు నెలల్లో గంటల తరబడి నిలబెట్టే పని చేయించకూడదని 1961లోనే చట్టం చెప్పింది. హెచ్.ఆర్. కుర్చీలో కూర్చున్న మనిషికి అది తెలియని సంగతి కాదు.

"మరి... ఏం జవాబొచ్చింది?" గొంతు తగ్గించి అడిగాడు.

"'స్టూళ్లకు బడ్జెట్ లేదు' అని రాసిన్రు సార్. కింద సంతకం మీదే."