మొదటి పేజీ దాటని బతుకు

నేను కుక్క టీకాల కార్డుని. మడతపెట్టిన మందపాటి కాగితం, అట్ట మీద పచ్చగడ్డిలో కూర్చున్న ఏదో సీమజాతి పిల్ల బొమ్మ. మన ఊరకుక్క బొమ్మ వేసిన అట్టని మా కార్డుల్లో నేనింకా చూడలేదు. లోపల పేరు, రంగు, పుట్టిన తేదీ, యజమాని చిరునామా. ఆ తరవాత గళ్లు: తేదీ, బరువు, వేసిన టీకా, మళ్లీ రావలసిన రోజు, సంతకం. టీకా గడిలో డాక్టరుగారు చేత్తో రాసేది తక్కువ. సీసా మీది చిన్న లేబులుని గోటితో ఊడదీసి నాకు అంటిస్తారు. మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ దాని మీదే ఉంటాయి. ఐసు పెట్టెలోంచి అప్పుడే తీసిన సీసా గనక లేబులు చెమర్చి ఉంటుంది, ఆ తడికి పక్క గడిలో సిరా కాస్త పాకుతుంది. అమలాపురంలోనైనా, రాజోలులోనైనా, కొత్తపేటలోనైనా మా పుట్టుక ఇంతే. తరవాతి బతుకూ దాదాపు ఒక్కటే. కుక్కపిల్ల ఇంటికొచ్చిన నాలుగైదు నెలల్లో మొదటి పేజీ నిండిపోతుంది. అక్కణ్ణించి బీరువాలో పట్టాదారు పాసుపుస్తకాల కిందో, గోడ కేలండరు వెనకో చేరతాను. కోనసీమ చెమ్మకి అంచులు ముదురుతాయి గానీ రెండో పేజీ మీద కలం పడదు. అలా వదిలేసే వాళ్లకి కుక్క మీద ప్రేమ లేదనను. టీకాలు పసిపిల్లల వ్యవహారమనీ, పెద్దకుక్కకి ఆసుపత్రి జబ్బు చేసినప్పుడేననీ వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం తప్పని నా వాదన. ఎదిగిన కుక్క మీద ఏడాదికోసారైనా డాక్టరు చెయ్యి పడాలి. అందులో సూది ఒక భాగం, ఒక్కో ఏడు చిన్న భాగమే.

ముందు గట్టి ఆక్షేపణనే తీసుకుంటాను. "టీకా ఏళ్ల తరబడి పనిచేస్తుందని వైద్యులే అంటున్నారు, మరి ఏటేటా రమ్మనడం మందుల కంపెనీల బేరం కాదా?" అని అడిగేవాళ్లున్నారు. ఆ మాటలో సగం నిజముంది. డిస్టెంపర్, పార్వో, అడినో వైరసు టీకాలు పెద్దకుక్కకి మూడేళ్లకోసారి మించి అక్కర్లేదని పెంపుడు జంతువుల వైద్యుల ప్రపంచ సంఘం డబ్ల్యూఎస్‌ఏవీఏ తన మార్గదర్శకాల్లోనే రాసింది. కాబట్టి ఆ గళ్లు ఏటా నిండాలని నేను పట్టుబట్టను. అయితే ఆ మూడేళ్ల మాట వెనక ఒక షరతుంది. ముర్రుపాలతో తల్లి నుంచి వచ్చిన రక్షణ కొన్ని వారాలపాటు పిల్ల ఒంట్లో ఉంటుంది. అది జబ్బుని అడ్డుకున్నట్టే టీకాలోని బలహీనపరిచిన వైరసునీ అడ్డుకుంటుంది. ఏ పిల్లలో అది ఎప్పుడు తగ్గుతుందో పైకి తెలియదు గనక వారాల ఎడంతో రెండు మూడు డోసులు వేస్తారు, ఆఖరిది 16 వారాలు నిండాక పడాలంటారు. అప్పటికీ కొన్నిటికి టీకా పట్టదు. అలా జారిపోయినవాటి కోసమే ఆరు నెలలకో ఏడాదికో ఒక బూస్టరు. అది రావలసింది సరిగ్గా నా రెండో పేజీ మొదటి వరసలో. ఆ వరస ఖాళీగా ఉంచుకుని మూడేళ్ల రక్షణ గురించి వాదిస్తే పునాది లేకుండా మేడ కట్టినట్టే. పైగా ఆ వెసులుబాటు అన్ని టీకాలకీ లేదు. రేబిస్ సూది మూడు నెలల వయసులో ఒకటి, ఏడాదికి మరొకటి, ఆపైన సీసా లేబులు చెప్పిన గడువుకి పడాలి. రేబిస్ ఊళ్లలో తిరుగుతున్న మన దేశంలో మామూలుగా ఏటా వేస్తారు. లెప్టోస్పైరా టీకాకైతే ఏటా వేయించడమే పద్ధతి.

ఈ లెప్టో గడి దగ్గర కోనసీమవాళ్లు కాస్త ఆగాలి. గౌతమికీ వసిష్ఠకీ నడుమ ఉన్న ఈ నేలలో కాలవ, బోదె, మురుగుకోడు తగలకుండా కుక్క నాలుగు వీధులు తిరగలేదు. చేలగట్ల బొరియల్లో ఎలుకలు, కొబ్బరిచెట్ల మొవ్వుల్లో ఎలుకలు. వాటి మూత్రంతో లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి నీళ్లలోకీ బురదలోకీ దిగి, గీరుకున్న చర్మం, నోరు, కంటి పొరల గుండా ఒంట్లో చేరుతుంది. 2022 జూలైలో గోదావరి పొంగి లంకల్ని ముంచిందే, అలాంటి రోజుల్లో మనిషికీ కుక్కకీ నడిచే దారి ఆ నీళ్లే. సోకిన కుక్కల్లో కొన్నిటికి కామెర్లు వచ్చి, మూత్రపిండాలు చెడి ప్రాణం పోతుంది. కొన్ని మాత్రం పైకి నిక్షేపంగా ఉంటూ నెలల తరబడి మూత్రంలో క్రిమిని వదులుతుంటాయి. ఇంట్లోవాళ్లకి వీటితోనే ఎక్కువ చిక్కు, ఎందుకంటే వాకిలి కడిగేది మనిషి చెయ్యే. మనుషుల్లో ఇదే జబ్బుని పత్రికలు ఎలుక జ్వరమంటాయి. ఇక్కడ ఇంకో ఆక్షేపణ ఉంది, అది తెలిసినవాళ్లు వేసేది: ఈ క్రిమిలో రెండు వందలకు పైగా రకాలుంటే సీసాలో ఉండేది రెండో నాలుగో, మరి మిగతావాటి సంగతేమిటని. నిజమే, టీకా పూర్తి కవచం కాదు. కానీ ఎలుకలు ఎక్కువగా మోసే ఇక్టెరోహెమరేజియే రకం ఆ రెండు తరహాల సీసాల్లోనూ ఉంది. మిగిలిన భారం ఇంటివాళ్లది. కుక్క వదిలేసిన అన్నం పళ్లెం రాత్రంతా అరుగు మీద ఉంటే, ఎలుకని పిలిచి పీట వేసింది మీరే.

"ఆయ్, మాది గేటు దాటి ఎక్కడికీ పోదండి" అంటారు. అది పోదు సరే, దాని దగ్గరికి వచ్చేవి చాలా ఉన్నాయి. గోమారు ఉంది. కుక్కని పట్టే గోధుమరంగు గోమారు బతుకులో ఎక్కువ భాగం కుక్క మీద గడవదు. నెత్తురు తాగి రాలిపడుతుంది, గోడ పగుల్లో కుబుసం విడుస్తుంది, మళ్లీ ఎక్కుతుంది. ఆఖరికి అదే పగుల్లో వేలాది గుడ్లు పెడుతుంది. కుక్క మీద పది ఏరి చిదిమేసి పని అయిపోయిందనుకోవడం అందుకే దండగ. ఉత్తరాది చలికాలంలో దీనికి కొంత విరామం ఉందేమో గానీ కొబ్బరితోటల నీడలో పన్నెండు నెలలూ దానికి రోజులు మంచివే. అది మోసుకొచ్చే ఎర్లిషియా, బబీసియా జబ్బుల్లో మొదట కనిపించేది మేత తగ్గడం, కాస్త నీరసం. ముక్కులోంచి రక్తం కారేదాకా చాలామంది కదలరు. ఏటా జరిగే పరీక్షలో డాక్టరు చెవి మడతలూ వేళ్ల సందులూ వెతికేది, చిగుళ్లు ఎత్తి రంగు చూసేది దీనికోసమే. కాళ్ల వేళ్ల మధ్య దాక్కున్న గోమారు ఇంట్లోవాళ్ల కంటికి ఆనదు. గేదెలకని తెచ్చిన గోమార్ల మందుని కొలత లేకుండా కుక్కకి పూయడం మరో అలవాటు. కుక్క ఒళ్లు నాకుతుందని ఆ సమయంలో ఎవరికీ గుర్తు రాదు.

నట్టల మందు సంగతీ అంతే. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇసుక నేలల్లో చెమ్మ, నీడ, వెచ్చదనం మూడూ దొరుకుతాయి. కొంకిపురుగు పిల్లలకి కావలసినవి ఆ మూడే. కుక్క మలంతో నేల చేరి, ఒట్టికాళ్లతో ఆడే పిల్లల చర్మంలోకి దూరతాయి. అందుకే పెద్దకుక్కకి మూడు నెలలకోసారి మందు వేయమంటారు. ఆ మందు పాళ్లు బరువు మీద ఆధారపడతాయి, బరువు ఎంతంటే "ఓ పాతిక కిలోలుంటుందండి" అని జవాబు. నా గళ్లన్నిటిలో అందరూ చిన్నచూపు చూసేది ఈ బరువు గడినే. 48 లాబ్రడార్లని జతలు చేసి, జతలో ఒకదానికి బతికినన్నాళ్లూ 25 శాతం తక్కువ మేత పెట్టి చూసిన అధ్యయనం 2002లో అచ్చయింది. కడుపు కట్టుకున్నవాటి మధ్యగత ఆయుష్షు 13 ఏళ్లు, రెండో గుంపుది 11.2 ఏళ్లు. అంత ఆయుష్షు పెంచే మాత్ర ఏదీ నా గళ్లలోకి ఇంతవరకు రాలేదు. ఆత్రేయపురం పూతరేకుకీ నాకూ కాగితపు చుట్టరికం ఉంది గానీ, అది కుక్కకి మేత కాదని చెప్పక తప్పదు. రోజూ కళ్లెదుట తిరిగే కుక్క బలిసిందని ఇంట్లోవాళ్లు గుర్తించలేరు. పోయినేటి అంకె పక్కన ఈ ఏటి అంకె పడితేనే తెలుస్తుంది.

"నాటుకుక్కలకి ఏం కాదు, వాటి తత్వమే గట్టిది" అన్న మాట గురించి ఎక్కువ చెప్పను. బతికినవి కళ్లెదుట తిరుగుతాయి, పార్వోకి పోయిన పిల్లల్ని లెక్కపెట్టిన వాళ్లు లేరు. పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించని ఆడకుక్క వయసు మళ్లాక గర్భసంచిలో చీము పట్టడం నాటుకీ సీమకీ ఒక్కటే. ఆపరేషన్లు అంతగా చేయించని కాలంలో స్వీడన్ బీమా లెక్కల్లో, పదేళ్ల లోపు ఆడకుక్కల్లో సుమారు నాలుగో వంతుకి ఈ జబ్బు వచ్చిందని తేలింది. పళ్ల గార, గుండె చప్పుడులో తేడా, రొమ్ముల్లో చిన్న గడ్డ, ఇవేవీ కుక్క నోరు విప్పి చెప్పేవి కావు.

డబ్బు మాటకొస్తే రేబిస్ గురించి మాట్లాడాలి. మనుషులకి ఈ జబ్బు దాదాపు ఎప్పుడూ కుక్క కాటు నుంచే వస్తుంది, లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. మన దేశంలో ఏటా ఎందరు పోతున్నారన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు. పాత అంచనాలు 20,000 దాకా వెళ్లాయి, ఈమధ్య ఐసీఎంఆర్ సర్వే 5,700 దగ్గర ఆగింది. చిన్న అంకెనే తీసుకున్నా తప్పించగలిగిన చావులే అవన్నీ. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లన్న భయం పల్లెల్లో ఇంకా పోలేదు. గొర్రె మెదడుతో చేసిన ఆ పాత టీకా తయారీని మన దేశం 2004లోనే ఆపేసింది. ఇప్పుడు సర్కారు ఆసుపత్రిలో చేతి చర్మంలోకి వేసేది నాలుగు తడవలు, 0, 3, 7, 28 రోజుల్లో. అయినా పనులు మానుకుని తిరగడం, గాయం లోతైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ కోసం వెతకడం ఉండనే ఉన్నాయి. కుక్కకి ఏడాదికో సూది ఖర్చు దీని ముందు ఏపాటి? 1885 జూలై 6న పాశ్చర్ ఒక పిల్లవాడికి తొలి రేబిస్ టీకా వేయించిన గుర్తుగా జరిపే జూనోసిస్ (జంతువుల నుంచి మనిషికి సోకే జబ్బుల) దినం నాడు పశువుల ఆసుపత్రుల్లో ఆ సూది ఉచితంగానే వేస్తారు. ఒక్క సంగతి మాత్రం నా నోటితోనే చెప్పాలి. కరిచిన కుక్క కార్డులో గళ్లన్నీ నిండి ఉన్నాయని చూపించి మనిషి సూది మానుకోకూడదు. గాయాన్ని పావుగంట సబ్బుతో, పారే నీళ్ల కింద కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, కుక్కని పది రోజులు కనిపెట్టి ఉండాలి. ఒకే టీకా ఒక్కో కుక్కకి ఒక్కోలా పడుతుంది, ఎంత పట్టిందో నా మీద రాసి ఉండదు. నేను ఎక్కువగా పనికొచ్చేది మీ కుక్కనే మరో కుక్క కరిచినప్పుడు. పాత తేదీలుంటే డాక్టరు చేసే వైద్యం ఒకటి, లేకపోతే మరొకటి.

"పశువుల ఆసుపత్రి పాడికోసం, కుక్కలకి డాక్టరు తీరిక ఎక్కడిది?" అనేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. గాలికుంటు, గొంతువాపు టీకాల కాలంలో ఆవరణలో పశువుని కదలకుండా నిలిపే ట్రెవిస్ చట్రంలో గేదె ఉంటే నేను వరసలో ఆఖరున ఉంటాను. 2022లో మొదలైన 1962 నంబరు అంబులెన్సు వచ్చేదీ ముఖ్యంగా పాడిపశువు కోసమే. కానీ పిచ్చికుక్క గేదెనీ కరుస్తుంది. చూడిగేదె రేబిస్‌తో పోతే ఆ ఇంటి పాడి పోతుంది, అంతకు ముందు దాని నోట్లో చెయ్యి పెట్టి మందు పోసిన వాళ్లందరికీ సూదులు పడతాయి. కుక్కకి వేసే టీకాని పాడి ఖర్చులో రాసుకున్నా తప్పులేదు.

అయితే వీధికుక్కలకి నాలాంటి కార్డు లేదు, రేబిస్ ఆగాలంటే కార్డున్న కుక్కలొక్కటే చాలవు. ఊళ్లో నూటికి 70 కుక్కలకి టీకా పడితే జబ్బు గొలుసు తెగుతుందని లెక్క. ఏటా పాతవి చచ్చిపోతూ కొత్తవి పుడుతూ ఉంటాయి గనక ఆ 70 ఒక్కసారి సాధించి ఊరుకునేది కాదు. గోవాలో ఏటేటా వీధి వీధికీ వెళ్లి టీకాలు వేశారు. 2018 నుంచి కొన్నేళ్లపాటు అక్కడ మనిషి రేబిస్ మరణం నమోదు కాలేదు. గోవాకీ మనలాగే కొబ్బరితోటలూ వాగులూ ఇరుకు దారులూ ఉన్నాయి. మన దగ్గర ఆపరేషను చేసిన వీధికుక్క చెవి కొస కత్తిరించి వదులుతారు, దానితోపాటే రేబిస్ సూదీ వేస్తారు. ఆ కోత చూస్తే ఆపరేషను అయిందని తెలుస్తుంది, సూది ఎప్పుడు పడిందో తెలియదు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు ఈ పనిని స్థానిక సంస్థల మీద పెట్టాయి. కోనసీమలో అమలాపురంలాంటి పట్టణాలు కొన్నే, మిగతా అంతా పంచాయతీలే. చెవి తెగిన కుక్కకి మరుసటి ఏడు రెండో సూది వేయడానికి ఏ పంచాయతీ బడ్జెట్లో ఎంత రాశారో అడగవలసింది గ్రామసభలోనే.