బ్రహ్మముహూర్తంలో చీర మడత

ధనుర్మాసం పట్టిందో లేదో, ఊళ్లో రచయితలందరికీ నాలుగింటికే తెల్లారిపోతోంది. లేచినందుకు రుజువుగా ఫోటో: పొగలు కక్కే కాఫీ, తెరిచిన నోటుబుక్కు, కిటికీ అద్దం మీద మంచు. దాని కింద పదాల లెక్క. ఆ కింద నీతి: ‘టైం దొరకదు, తీసుకోవాలి.’ మా నాయనమ్మ కూడా ఈ నెలలో ఇదే వేళకి లేచి గుడికెళ్లేది. ఆవిడకి కనీసం చక్రపొంగలైనా చేతిలో పడేది.

ఈ నీతిని నాకు ముగ్గురు పంపారు. వాళ్లలో ఒకాయన మొన్న మా కౌంటరుకి వచ్చి, గద్వాల చీర ఒక్కటి చూపించమని నలభై విప్పించి, ఏదీ కొనకుండా లేస్తూ, “ఏమయ్యా, ఈమధ్య రాస్తున్నట్టు లేవే?” అనడిగిన పెద్దమనిషే. రెండో పేరాలో ఆగాను సార్, మీరొచ్చారని.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల కొట్టులో సేల్స్‌మన్‌ని నేను. కొట్టు పేరు చెప్పను, పండగ బోనసు ఇంకా చేతికి రాలేదు. పొద్దున పదింటికి నిలబడితే రాత్రి పదింటికి షట్టరు. ఇల్లు చేరేసరికి పదకొండు. తిని నడుం వాల్చేసరికి పన్నెండున్నర. మూడున్నర గంటలు పడుకుని లేస్తే చాలట, మిగతాది సరస్వతి చూసుకుంటుందట.

సరే, శాస్త్రమైనా సరిగ్గా చదివారా అని చూశాను. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలుండేది బ్రహ్మముహూర్తం. జనవరిలో హైదరాబాద్‌లో పొద్దు పొడిచేది ఇంచుమించు 6:48కి. అంటే ముహూర్తం 5:12కి మొదలై ఆరింటికల్లా ముగుస్తుంది. నాలుగింటికి లేచినవాళ్లంతా గంటా పన్నెండు నిమిషాలు ముందే వచ్చి కూర్చున్నారన్నమాట. మా కొట్టుకి అంత ముందొస్తే వాచ్‌మన్ మెట్ల మీదే ఆపేస్తాడు.

ఇంకో సంగతి. విశాఖలో సూర్యుడు మనకంటే దాదాపు 20 నిమిషాలు ముందే వస్తాడు. ఉత్తరాంధ్ర కథకులు ఎప్పుడూ ఓ అడుగు ముందుండటంలో కిటుకు ఇదే కాబోలు. ఇన్నాళ్లూ ప్రతిభ అనుకుని మోసపోయాం.

నేనూ లేచాను, ఒకరోజు. 5:12కే, నిమిషం తేడా లేకుండా. ఉన్నది ఒకటే గది కాబట్టి లైటు వేస్తే పిల్లాడు లేస్తాడని వంటగట్టు పక్కన ముడుచుకుని కూర్చున్నాను. చలికి పెన్ను పట్టిన వేళ్లు కొయ్యబారిపోయాయి. మొదటి వాక్యం రాశాను. చూసుకుంటే, ‘రన్నింగ్ బ్లౌజుతో కలిపి ఆరు మీటర్ల ముప్పై, అమ్మా.’ రెండో వాక్యానికి తడుముకుంటుంటే మా ఆవిడ దుప్పటిలోంచే అంది: “ఎట్లాగూ లేచారు కదా, నల్లా వస్తోంది, డ్రమ్ము పట్టండి.” బ్రహ్మముహూర్తంలో వెలువడిన ఆ రోజు వాక్యాలన్నిటిలోకీ సారమున్నది అదే.

ఈ నాలుగింటి రచయితలందరూ చెప్పే పేరొకటుంది, జపాను నవలాకారుడు మురకామి. నాలుగింటికి లేస్తాడు, ఐదారు గంటలు రాస్తాడు, పరుగెడతాడు, రాత్రి తొమ్మిదింటికి పడుకుంటాడు. నిజమే. కానీ ఆ మురకామి టోక్యోలో భార్యతో కలిసి జాజ్ బార్ నడిపిన రోజుల్లో ఎప్పుడు రాశాడు? రాత్రి బార్ కట్టేసి ఇంటికొచ్చి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని. 1979లో వచ్చిన మొదటి నవల అలా రాసిందే. 1981లో బార్ అమ్మేశాకే ఆయన పొద్దున్నే లేవడం మొదలెట్టింది. అంటే కొట్టు పోయాక లేచాడు. మీరు నన్ను కొట్టులో ఉంచి లేవమంటున్నారు. రాత్రి తొమ్మిదింటికి ఆయన దిండు సర్దుకుంటాడు. ఆ టైముకి మా కొట్టులో ఆఖరి గిరాకీ, నలుగురు ఆడపడుచులు, అప్పుడే చెప్పులు విప్పి పరుపు మీద చక్కగా సర్దుకుంటారు.

పరుపు వాళ్లకి. మాకు కుర్చీ లేదు. ఇక్కడ నాకు వెటకారం రావడం లేదు. పన్నెండు గంటలు నిలబడితే సాయంత్రానికి పిక్కల్లో నరాలు తాళ్లలా తేలతాయి. చలికాలం వేలి కొసలు పగిలి, పట్టుచీర మడతపెడుతుంటే పోగు ఆ పగుళ్లలో చిక్కుకుంటుంది. లాగితే చీర పాడవుతుంది, జీతంలో కోత. వాజలైన్ రాసుకుంటే మరక పడుతుంది, అప్పుడూ కోతే. అందుకని వేలు నోట్లో పెట్టుకుని తడిచేసి మెల్లగా విడదీసుకుంటాం, గిరాకీ చూడకుండా.

కోళికోడ్ మిఠాయి వీధిలో దుకాణాల ఆడవాళ్లు కూర్చునే హక్కు కోసం కొట్లాడారు. కేరళ 2018లో చట్టం మార్చింది. తమిళనాడు 2021లో మార్చింది. కూర్చోవడానికి చట్టం కావలసి వచ్చిన దేశంలో, కూర్చుని రాయలేదేమని నన్ను నిలదీస్తున్నారు. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటల దాకా పని చేయించుకోవచ్చంది. దుకాణాలకి అది వర్తించదంది. అంటే చట్టం లెక్కన నాకు ఇప్పటికీ 8 గంటలే. ఆ మిగతా నాలుగు గంటలు ఎవరు తీసుకున్నారు? ‘టైం తీసుకోవాలి’ అని వాళ్లకి ముందే ఎవరో చెప్పేసినట్టున్నారు, బాగా తీసుకున్నారు. నా దగ్గర పోయినదాన్ని నా నిద్రలోంచి వెతికి తెచ్చుకోమనడం సాహిత్య సేవా? దొంగని వదిలేసి, ఇల్లుగలవాణ్ణి తొందరగా నిద్రలేవమని పాఠం చెప్పడం కాదూ?

వారానికి 70 గంటలు పనిచేయాలన్న పెద్దమనిషినీ, 90 అన్న ఇంకో పెద్దమనిషినీ ఇందులోకి లాగను. వాళ్లు కథలు రాయమనలేదు, అంతవరకు నయం.

పోనీ పుస్తకాలైనా చూసొద్దామంటే, ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తకాల పండగ పెట్టేది డిసెంబర్లో. మాకు వారం సెలవు రద్దయ్యేదీ డిసెంబర్లోనే.

ఇంతకీ నేను రాయడం లేదని ఎవరన్నారు? మధ్యాహ్నం మూడింటికి, గిరాకీ పల్చబడ్డప్పుడు, చీర పెట్టెలో అడుగున వేసే అట్ట మీద రాస్తాను. సూపర్‌వైజర్ వస్తే అట్ట తిప్పేస్తాను. పోయిన వారం ఒక కథ ఎత్తుగడ కుదిరింది. నాలుగే వాక్యాలు, కానీ నాకు నచ్చినవి. ఇంతలో గిరాకీ వచ్చింది. ఒక తల్లి, పండక్కొచ్చే కూతురి కోసం నారాయణపేట పట్టు తీసుకుంది. పక్క కుర్రాడు పెట్టెలో సర్దేశాడు, అట్టతో సహా. గల్లా దగ్గర బిల్లు కొట్టించుకుని నల్గొండ బస్సుకి టైమైందంటూ వెళ్లిపోయింది.

చీర నచ్చకపోతే మూడు రోజుల్లో మార్చుకోవచ్చని బిల్లు మీద ఉంది. ఆ మూడు రోజులూ షట్టరు వేసేదాకా తలుపు వైపే చూశాను. చీర బాగుందేమో, రాలేదు.